ప్రభావం వెనక బేరం: జపాను అచ్చుబొమ్మలు, పారిస్ వర్తకులు

1

మన సాహిత్య విమర్శలో వాడి వాడి అరిగిపోయిన మాటల్లో 'ప్రభావం' ఒకటి. ఫలానా కవి మీద ఫలానా ఉద్యమ ప్రభావం ఉందంటాం. ఫలానా కథకుడు ఫలానా దేశపు రచయిత ప్రభావంతో రాశాడంటాం. అంతటితో విమర్శకుడి పని అయిపోయినట్టే భావిస్తాం. ఆ ప్రభావం ఏ దారిన వచ్చింది, ఎవరు మోసుకొచ్చారు, మోసినందుకు వాళ్లకేం ముట్టింది, అసలు వస్తువును తయారుచేసినవాడికి ఏం దక్కింది - ఈ ప్రశ్నలు వేయం. 'పాశ్చాత్య ప్రభావం' అనే అధ్యాయం చదివి ఎమ్మే పరీక్ష రాసిన నాలాంటివాళ్లు ఇప్పుడు అదే అధ్యాయాన్ని పిల్లలకు చెబుతున్నారు. ప్రభావం అంటే పూలవాసనలాగా గాలిలో తేలివచ్చేదనే అభిప్రాయం ఒక తరం నుంచి మరో తరానికి అలా అందుతూనే ఉంది.

ఈ అభిప్రాయాన్ని పరీక్షించడానికి సాహిత్యం బయటి ఉదాహరణ ఒకటి తీసుకుంటున్నాను. పంతొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో యూరపు, అమెరికాల చిత్రకారులనూ, రచయితలనూ, సంపన్నులనూ జపాను కళ ఒక ఊపు ఊపింది. ఫ్రెంచి విమర్శకుడు ఫిలిప్ బుర్తీ 1872లో దానికి 'జపోనిజం' అని పేరు పెట్టాడు. మానే, మోనే, దెగా, వాన్ గో, మేరీ కసాట్ - ఆధునిక చిత్రకళకు పునాదులు వేసినవాళ్లలో ఈ ఊపు తగలనివాళ్లు తక్కువ. కళాచరిత్ర గ్రంథాలు దీన్ని 'ప్రాక్పశ్చిమ సంగమం' అని వర్ణిస్తాయి. సంగమం నిజమే. అయితే ఆ సంగమానికి రేవులున్నాయి, ఓడలున్నాయి, కొట్లున్నాయి, చిట్టా ఆవర్జాలున్నాయి. ఆ ఆవర్జాలు తిరగేయకుండా ప్రభావాన్ని గురించి మాట్లాడటం అసంపూర్ణ విమర్శ అవుతుందని నా అభిప్రాయం.

2

ముందు ఆ బొమ్మలు పుట్టిన చోట ఏమిటో చూడాలి.

యూరపును ముగ్ధం చేసిన జపాను కళలో ముఖ్యమైనవి 'ఉకియో-ఎ' అనే రంగుల అచ్చుబొమ్మలు. తేలియాడే లోకపు బొమ్మలు అని ఆ మాటకు అర్థం. బౌద్ధ పరిభాషలో దుఃఖమయ లోకాన్ని సూచించే 'ఉకియో' అనే మాటకే, ఉచ్చారణ మార్చకుండా, 'క్షణికమైన సుఖాల మీద తేలిపోయే లోకం' అనే అర్థాన్ని పట్నవాసులు కల్పించుకున్నారు. ఈ మార్పులో ఒక వర్గపు చిలిపితనమూ ఉంది, ఒక వర్గపు కసీ ఉంది. తోకుగావా ప్రభువుల పాలనలో యోధులు, రైతులు, చేతిపనివాళ్లు, వర్తకులు అనే అంతస్తుల వరుసలో వర్తకులది అట్టడుగు స్థానం. డబ్బు వాళ్ల దగ్గర పోగవుతోంది. అధికారం మాత్రం లేదు. ఆ డబ్బు నాటకశాలల్లోకీ, వేశ్యావాటికల్లోకీ, అచ్చుబొమ్మల్లోకీ ప్రవహించింది. ఎడో నగరం (నేటి టోక్యో) అందుకు కేంద్రమైంది.

ఈ బొమ్మ ఒక్కడి సృష్టి కాదు. ప్రచురణకర్త పెట్టుబడి పెడతాడు. చిత్రకారుడు గీత గీస్తాడు. ఆ కాగితాన్ని చెర్రీ కొయ్యపలక మీద అంటించి, చెక్కేవాడు గీత వెంట చెక్కుతాడు. చెక్కడంతోపాటే చిత్రకారుడి అసలు కాగితం నాశనమైపోతుంది. ఒక్కో రంగుకు ఒక్కో పలక. అన్ని పలకలూ వెంట్రుకవాసి తేడా రాకుండా కలిసేట్టు అచ్చు వేసేవాడు తడి కాగితాన్ని పలక మీద పరిచి, వీపును చేత్తో రుద్ది అచ్చు తీస్తాడు. ప్రచురణకర్త పేరు, చిత్రకారుడి పేరు బొమ్మ మీద ఉంటాయి. చెక్కినవాడి పేరు, అచ్చువేసినవాడి పేరు చాలా బొమ్మల మీద కనిపించవు.

వెల ఎంత? పంతొమ్మిదో శతాబ్ది మొదటి సగంలో మామూలు రంగుబొమ్మ ఇంచుమించు ఇరవై 'మోన్'లు. వీధిలో ఒక గిన్నెడు సోబా సేమియాకు పదహారు మోన్లు. అంటే పూట ఫలహారం ఖర్చుకు కాస్త అటూ ఇటూగా బొమ్మ చేతికొచ్చేది. జనం గోడకు అంటించుకున్నారు, పిల్లలకిచ్చారు, చిరిగితే పారేశారు. ప్రభుత్వానికి మాత్రం ఇవి అనుమానాస్పద వస్తువులు. 1790ల నుంచి తనిఖీ ముద్ర లేకుండా బొమ్మ బయటికి రాకూడదు. పాలకవంశాలు ఇష్టపడని చారిత్రక విషయాన్ని చిత్రించినందుకు 1804లో ఉతమారో చేతులకు సంకెళ్లు పడ్డాయి. 1842లో నటుల బొమ్మలనూ, వేశ్యల బొమ్మలనూ నిషేధించారు.

దీన్నిబట్టి ఇదంతా ప్రజాకళ, అభ్యుదయ కళ అని చప్పట్లు కొట్టడానికి మనం తొందరపడకూడదు. ఉతమారో గీసిన అందగత్తెల్లో ఎక్కువమంది యోషివారా వేశ్యావాటికలోని స్త్రీలు. వాళ్లలో చాలామంది పేద తల్లిదండ్రులు చిన్నతనంలోనే అప్పుకింద అమ్మేసిన ఆడపిల్లలు. పట్టు వస్త్రపు మడతలో ఎంత నైపుణ్యం ఉందో, ఆ మడత కింద అంత మౌనం ఉంది. పట్నపు వర్తకుడి రసికత రైతు బిడ్డ శరీరం మీద నిలబడింది. ఆ కళలోని సాహసాన్ని గుర్తించాలి, ఈ పరిమితినీ గుర్తించాలి.

మరో సంగతి. తరువాత యూరపు ఏ బొమ్మను చూసి 'స్వచ్ఛమైన ప్రాచ్య కళ' అని పొంగిపోయిందో, ఆ బొమ్మలో యూరపు అప్పటికే ఉంది. హొకుసాయ్ గీసిన 'మహాతరంగం' సుమారు 1831 నాటిది. అందులోని గాఢమైన నీలం బెర్లిన్‌లో కనిపెట్టిన ప్రష్యన్ నీలం; ఓడల మీద దిగుమతి అయిన రంగు. దూరంలో ఫ్యూజీ పర్వతం చిన్నదై, ముందున్న అల పెద్దదై కనిపించే ఆ దృష్టికోణం వెనక, డచ్చి వర్తకుల ద్వారా జపాను చేరిన పాశ్చాత్య చిత్రాల పరిచయం ఉంది. అంటే పారిస్ చిత్రకారులు అద్దంలో తమ ముఖంలో కొంత భాగాన్ని కూడా చూసుకున్నారన్నమాట. శుద్ధమైన జాతీయ కళ అనే భావన ఎక్కడైనా ఇలాగే, పరీక్షకు నిలవదు.

3

ఫ్రాన్సులో ఒక కథ ప్రచారంలో ఉంది. జపాను పింగాణీ పాత్రలను పగలకుండా చుట్టిపంపిన కాగితాల్లో హొకుసాయ్ బొమ్మలు కనిపించాయని, 1856లో బ్రాక్‌మాఁ అనే చిత్రకారుడు వాటిని ఒక అచ్చాఫీసులో చూసి మురిసిపోయాడని ఆ కథ. ఈ కథకు గట్టి సాక్ష్యం లేదు. ఆ తేదీని పరిశోధకులు సందేహించారు. నాకు మాత్రం కథ నిజమా కాదా అన్నదానికంటే, ఇది అంతగా ఎందుకు నచ్చిందన్నది ముఖ్యం. సొంతదారులకు విలువ తెలియదు, చెత్తగా పారేశారు. చూసే కన్ను ఉన్నవాడు వచ్చి ఉద్ధరించాడు - ఇదీ అందులోని నీతి. వలసకాలపు వస్తుసేకరణ అంతా చెప్పుకున్న నీతి కూడా ఇదే.

వాస్తవం వేరు. 1853లో అమెరికా నౌకాదళాధికారి పెర్రీ యుద్ధనౌకలతో ఎడో అఖాతంలోకి వచ్చాడు. 1854లో ఒడంబడిక. 1858లో అమెరికా, బ్రిటన్, ఫ్రాన్సు, రష్యా, హాలెండులతో వర్తక ఒప్పందాలు. 1866కల్లా దిగుమతి సుంకాలు చాలావరకు నూటికి ఐదుకు కట్టుబడిపోయాయి. తన సుంకాలను తానే నిర్ణయించుకునే హక్కు జపానుకు 1911 దాకా తిరిగి దక్కలేదు. 1868లో పాత ప్రభుత్వం కూలి మెయిజీ పాలన వచ్చింది. బౌద్ధాన్నీ షింటోనూ విడదీసిన ఉత్తర్వుల తరువాత ఎన్నో బౌద్ధాలయాలు ధ్వంసమయ్యాయి. విగ్రహాలు, పటాలు అమ్మకానికొచ్చాయి. 1876లో యోధులు కత్తి ధరించడాన్ని నిషేధించి, వాళ్ల భరణాలను కూడా రద్దుచేసి బాండ్లు చేతిలో పెట్టారు. యోధుల ఇళ్లలోని లక్క పెట్టెలు, తెరలు, కత్తిపిడుల అలంకారాలు పాతసామాన్ల కొట్లకు చేరాయి. కత్తిపిడులకు బంగారు తీగ పొదిగిన కంసాలులు విదేశీ డ్రాయింగురూముల పూలకూజాలు చేయడానికి దిగారు.

ఒక భూస్వామ్య వ్యవస్థ కుప్పకూలినప్పుడు దాని ఇంటి సామానంతా వీధిలో పడింది. వీధిలో పడ్డ సామాను చౌక. ఈ చౌకదనమే జపోనిజానికి భౌతిక పునాది. యూరపు కళాభిరుచి ఒక్కసారిగా వికసించడం వల్ల ఈ ఊపు రాలేదు. సరుకు రావడం మొదలైంది, అభిరుచి దాని వెనకాల వచ్చింది.

4

సరుకును అభిరుచిగా మార్చినవాళ్లే కళావర్తకులు. వాళ్ల పాత్రను కళాచరిత్ర అధోజ్ఞాపికల్లో పెట్టింది. నా దృష్టిలో వాళ్లది ప్రధాన పాఠంలో ఉండవలసిన స్థానం.

1862 లండన్ ప్రదర్శనలో బ్రిటిష్ రాయబారి ఆల్కాక్ తాను సేకరించిన జపాను వస్తువులను పెట్టాడు. ప్రదర్శన ముగిశాక వాటిలో కొన్నింటిని ఒక శాలువాల కంపెనీ కొన్నది. ఆ కంపెనీలో పనిచేసిన ఆర్థర్ లిబర్టీ 1875లో రీజెంట్ వీధిలో సొంత కొట్టు తెరిచాడు. పారిస్‌లో రివోలీ వీధిలో మదాం దెసోయ్ కొట్టు 1860ల నుంచి చిత్రకారులకూ రచయితలకూ కూడలి. ఫిలిప్ సిషెల్ అనే వర్తకుడు 1874లో జపాను వెళ్లి వందలాది పెట్టెల సరుకు కొనుక్కొచ్చాడు. ఆ యాత్రను 1883లో పుస్తకంగా కూడా వేసుకున్నాడు.

వీళ్లందరిలో పెద్దవాడు సీగ్‌ఫ్రీడ్ బింగ్ (1838-1905). హాంబర్గ్‌లో పుట్టి పారిస్‌లో స్థిరపడ్డాడు. 1880లో జపాను వెళ్లి స్వయంగా సరుకు కూర్చుకున్నాడు. అంతవరకు అందరు వర్తకులూ చేసిన పనే. బింగ్ గొప్పతనం తరువాతి మెట్టులో ఉంది. 1888 మే నుంచి 1891 ఏప్రిల్ వరకు 'జపాను కళ' అనే మాసపత్రికను 36 సంచికలు నడిపాడు - ఫ్రెంచి, ఇంగ్లీషు, జర్మన్ భాషల్లో. రంగుల చిత్రాలు, పండితుల వ్యాసాలు, చక్కని అచ్చు. పత్రిక చదివినవాడు కొట్టుకు వస్తాడు. కొట్టుకు వచ్చినవాడు పత్రికకు చందా కడతాడు. 1890లో పారిస్ లలితకళల పాఠశాలలోనే ఏడువందలకు పైగా అచ్చుబొమ్మలతో ప్రదర్శన ఏర్పాటు చేశాడు. విద్యాలయం గోడ మీదికెక్కిన వస్తువుకు కొట్టులో ధర పెరుగుతుందని వేరే చెప్పనక్కరలేదు. 1895 డిసెంబరులో తన కొట్టుకు 'నవ్యకళ' అని పేరు పెట్టి తెరిచాడు. యూరపు అలంకరణ కళలో ఒక పెద్ద ఉద్యమానికి ఫ్రెంచిలో ఆ పేరే స్థిరపడింది. ఒక సాహిత్యోద్యమానికి ఒక పుస్తకాల షాపు పేరు ఉండిపోతే ఎలా ఉంటుందో ఊహించండి!

బింగ్‌ను మోసగాడని నేననడం లేదు. పత్రికలోని వ్యాసాలు విలువైనవి; ప్రదర్శన అసలైన విద్య నేర్పింది. లాభాపేక్షా, జ్ఞానప్రచారమూ ఒకే మనిషిలో, ఒకే పత్రికలో, విడదీయరాకుండా కలిసిపోయాయన్నదే ఇక్కడ మనం గ్రహించవలసిన విషయం. పెట్టుబడిదారీ యుగంలో కళాజ్ఞానం తరచు ఇలాగే పుడుతుంది. వర్తకుడు చరిత్రకారుడవుతాడు, ధరలపట్టిక కళాచరిత్రకు మొదటి చిత్తుప్రతి అవుతుంది.

5

బింగ్‌కు దీటైన మనిషి జపాను నుంచే వచ్చాడు. హయాషి తదమాస (1853-1906) తకఓకా ఊరివాడు. ఫ్రెంచి నేర్చుకున్నాడు. 1878 పారిస్ ప్రదర్శనకు జపాను ఎగుమతి సంస్థ దుబాసీగా వచ్చి, అక్కడే ఉండిపోయి సొంత వ్యాపారం పెట్టాడు. తాను అమ్మిన మంచి బొమ్మల మీద చిన్న ఎర్రముద్ర వేసేవాడు. ఆ ముద్ర నాణ్యతకు హామీ అయింది. గొంకూర్ ఉతమారో మీద 1891లో, హొకుసాయ్ మీద 1896లో వేసిన పుస్తకాలకు జపాను మూలాలను చదివి, అనువదించి ఇచ్చింది హయాషియే. పుస్తకాల మీద పేరు గొంకూర్‌ది.

పదకొండేళ్ల కాలంలో హయాషి లక్షన్నరకు పైగా అచ్చుబొమ్మలను పారిస్‌కు తెప్పించాడని అతని లెక్కలే చెబుతున్నాయి. అందుకు స్వదేశంలో అతనికి నిందలు తప్పలేదు. జాతి సంపదను పరాయి దేశానికి అమ్మేసిన వాడన్నారు. అదే మనిషిని 1900 పారిస్ ప్రదర్శనలో జపాను ప్రభుత్వం తన ప్రధాన కమిషనరుగా నియమించింది!

ఇతన్ని ఎలా అంచనా వేయాలి? మన పరిభాషలో 'దళారీ బూర్జువా' అని ఒక్కమాటలో తేల్చేయవచ్చు. ఆ మాటలో కొంత నిజముంది. ఎడోలో సేమియా గిన్నె ధర పలికిన బొమ్మ పారిస్‌లో ఎన్నో రెట్ల ధర పలకడంలోని తేడాయే అతని సంపద. కానీ ఆ మాటతో హయాషి పూర్తి కాడు. న్యాయశాస్త్రం చదవడానికి పారిస్ వచ్చిన కురొదా సెయికీని చిత్రకారుడివి కమ్మని ప్రోత్సహించినవాళ్లలో అతనొకడు. ఆ కురొదా జపాను ఆధునిక చిత్రకళకు మార్గదర్శి అయ్యాడు. ఫ్రెంచి చిత్రకారులకు జపాను బొమ్మలిచ్చి, బదులుగా వాళ్ల తైలవర్ణ చిత్రాలు తీసుకున్నాడు. వాటితో టోక్యోలో ఒక ప్రదర్శనశాల పెట్టి, తనవాళ్లకు పాశ్చాత్య కళను చూపాలన్నది అతని కోరిక. అది నెరవేరకముందే చనిపోయాడు. 1913లో ఆ చిత్రాలు న్యూయార్కు వేలంలో చెదిరిపోయాయి. జపాను బొమ్మలు పడమటికి పోవడానికి బజారు తోడ్పడింది. ఫ్రెంచి బొమ్మలు తూర్పున నిలబడటానికి అదే బజారు తోడ్పడలేదు. వ్యక్తి సదుద్దేశానికీ మార్కెట్ దిశకూ మధ్య ఘర్షణ ఇంతకంటె స్పష్టంగా మరెక్కడ కనిపిస్తుంది?

6

ఇక చిత్రకారులు ఏం తీసుకున్నారు?

తొలి దశలో తీసుకున్నది వేషం. 1876లో మోనే తన భార్యకు ఎర్రని కిమోనో తొడిగి, పసుపుపచ్చని కృత్రిమ కేశాలు పెట్టి, గోడనిండా విసనకర్రలతో పెద్ద చిత్రం గీశాడు. అందులో జపాను ఒక దుస్తు, ఒక అలంకారం. 1885లో లండన్ రంగస్థలం మీద 'మికాడో' సంగీత నాటకం ఆడింది. జపాను పేరుతో ఇంగ్లీషువాళ్ల సంగతులే చెప్పుకున్న నాటకం అది.

రెండో దశలో తీసుకున్నది చూపు. వస్తువును చట్రం అంచున సగానికి కోయడం, నీడలు లేని చదునైన రంగు, పైనుంచి వాలుగా చూడటం, మధ్యలో ఖాళీని ధైర్యంగా వదలడం - ఇవి యూరపు చిత్రవిద్యాలయాల సూత్రాలకు విరుద్ధం. కుళ్లిపోయిన అకాడమీ సంప్రదాయంతో పోరాడుతున్న యువ చిత్రకారులకు ఇవి ఆయుధాలయ్యాయి. 1868లో మానే గీసిన ఎమిల్ జోలా చిత్రంలో వెనక గోడ మీద ఒక జపాను మల్లయోధుడి బొమ్మ ఉండటం యాదృచ్ఛికం కాదు. వాస్తవికతావాది అయిన రచయిత, అకాడమీని ధిక్కరించిన చిత్రకారుడు, జపాను బజారు బొమ్మ - ముగ్గురూ ఒకే పక్షాన నిలబడ్డారు. తమ సమాజంలోని అవసరం ఎంత గట్టిదైతే పరాయి కళ అంత లోతుగా ఇంకుతుంది. అవసరం లేనిచోట అది విసనకర్రగా మిగిలిపోతుంది.

వాన్ గో సంగతి మరింత ఆలోచింపజేస్తుంది. బింగ్ కొట్టు అటకమీది గుట్టల్లో వెతికి వందల బొమ్మలు ఏరుకున్నాడు. ఒక్కొక్కటి కొద్ది సూలకే దొరికేవి. పేద చిత్రకారుడు కొనగలిగిన కళ అదొక్కటే. వాటిని అమ్మి నాలుగు డబ్బులు చేసుకోవాలని 1887లో ఒక కాఫీ హోటల్లో ప్రదర్శన కూడా పెట్టాడు, వ్యాపారం సాగలేదు. అదే సంవత్సరం హిరోషిగే గీసిన వంతెన మీది వానను తైలవర్ణాల్లో తిరిగి గీశాడు. చుట్టూ అంచులో వేరే బొమ్మల నుంచి జపాను అక్షరాలు ఎత్తిరాశాడు. వాటి అర్థం అతనికి తెలియదు. మూలచిత్రంలో వాన తాకిడికి తలలు వంచుకుని వంతెన దాటేవాళ్లు ఎడో పాదచారులు. ఆ వానలోని వేగాన్ని అతను నిజంగా గ్రహించాడు. అక్షరాలు మాత్రం అతనికి అలంకారమే. ఒకే చిత్రంలో లోతైన గ్రహణమూ, పూర్తి అజ్ఞానమూ పక్కపక్కనే ఉండగలవనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు తెలియదు.

మేరీ కసాట్ 1890 ప్రదర్శన చూసి, పది రంగుల అచ్చుబొమ్మలు తయారుచేసింది. స్నానం చేసే స్త్రీ, ఉత్తరం అంటించే స్త్రీ, గౌను కొలతలు సరిచేసే దర్జీ స్త్రీ, బిడ్డను ముద్దాడే తల్లి. ఉతమారో రేఖను తీసుకుని, దాన్ని అమ్మకపు స్త్రీ నుంచి ఇంటి స్త్రీ వైపు తిప్పింది. ఇంకొక పని కూడా చేసింది. తనతో కలిసి అచ్చువేసిన లెరోయ్ పేరును బొమ్మల మీద రాసింది. ఆమె చూసిన ఏడువందల బొమ్మలను అచ్చువేసినవాళ్లలో ఎందరి పేర్లు గోడమీది చీటీలకు ఎక్కాయి? ప్రభావం స్వీకరించడమంటే అనుకరణ కాదని మనం తరగతిలో చెబుతుంటాం. కసాట్ చేసినది స్వీకరణ అంటే ఏమిటో నేర్పే పాఠం.

7

ఇంతవరకు పడమటి ముచ్చట. ఈ గిరాకీ జపానును ఏం చేసింది?

లలితకళ అనే అర్థంలో జపాను వాళ్లు ఈనాడు వాడే 'బిజుత్సు' అనే మాట 1873 వియన్నా ప్రదర్శన నియమావళిని అనువదించేటప్పుడు పుట్టింది. పరాయివాడి పట్టికలో తన వస్తువుకు గది చూపడానికి ఒక కొత్త మాట కావలసి వచ్చిందన్నమాట. జపాను ప్రభుత్వం తరఫున వెలువడిన తొలి సమగ్ర కళాచరిత్ర 1900 పారిస్ ప్రదర్శన కోసం ముందుగా ఫ్రెంచి భాషలో అచ్చయింది. జపాను భాషలో మరుసటి సంవత్సరం వచ్చింది. ఒక జాతి తన కథను మొదట కొనుగోలుదారుకు చెప్పి, తరువాత తన పిల్లలకు చెప్పుకుంది.

అలాగని జపానును అమాయక బాధితురాలిగా చిత్రించడం చరిత్ర కాదు. అది వలసగా మారలేదు. ఎగుమతి సంస్థలు తానే పెట్టుకుంది. చేతిపనుల ఆదాయాన్ని విదేశీ మారకద్రవ్యంగా లెక్కవేసింది. మన అమరావతి శిల్పాల గతి వేరు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఆ పలకలు మద్రాసు చేరి, 1859లో లండన్‌కు ఓడెక్కాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అక్కడ బేరం లేదు, రశీదు లేదు. పాలకుడి ఉత్తర్వు చాలింది. అసమానమైన అమ్మకాన్నీ, పాలకుడి అపహరణనూ ఒకే గాటన కట్టే విమర్శ రెంటికీ న్యాయం చేయదు.

పైగా చక్రం తిరిగింది. ఒసాకాకు చెందిన యమనాకా సంస్థ 1895లో న్యూయార్కులో కొట్టు తెరిచింది. చింగ్ రాజవంశం కూలిన 1912లో అది పెకింగ్‌లో కుంగ్ రాకుమారుడి సేకరణను కొని, మరుసటి ఏడాది న్యూయార్కులో వేలం వేసింది. ఒకనాడు తన ఇంటి సామాను వీధిన పడితే ఇతరులు ఏరుకున్న దేశంలోని వర్తకుడు, పొరుగింటి సామాను వీధిన పడగానే ఏరుకోవడానికి సిద్ధమయ్యాడు. 1920లో నౌకానిర్మాణ సంపన్నుడు మత్సుకాతా, పారిస్ నగల వర్తకుడు వెవెర్ నుంచి సుమారు ఎనిమిదివేల అచ్చుబొమ్మలను కొని జపానుకు తిరిగి తెచ్చాడు. బొమ్మలు ఇల్లు చేరాయి. పారిస్ ఆమోదముద్రతో, మొదటి ప్రపంచయుద్ధపు ఓడల లాభాలతో చేరాయి.

8

ఈ కథకు మన గడపతో కూడా సంబంధముంది.

అమెరికన్ పండితుడు ఫెనొలోసా 1878లో టోక్యోలో ఆచార్యుడుగా చేరి, జపాను పురాతన కళను సేకరించాడు. 1886లో ఆ సేకరణను బోస్టన్ మ్యూజియానికి చేరే ఏర్పాటుతో అమ్మాడు. అతని శిష్యుడు, సహచరుడు ఒకాకురా 1902లో కలకత్తాలో ఠాకూర్ల మధ్య గడిపాడు. ఆసియా అంతటికీ ఆత్మ ఒకటేనని ప్రకటించాడు. ఆ నినాదాన్ని తరువాతి దశాబ్దాల్లో జపాను సామ్రాజ్యవాదం తన అవసరానికి వాడుకుంది. ఒకాకురా ప్రేరణతో 1903లో కలకత్తా వచ్చిన తైకాన్, షున్సో అనే చిత్రకారుల నుంచి అవనీంద్రనాథుడు రంగును నీటిలో కడిగి పరిచే పద్ధతిని గ్రహించాడు. ఆ బెంగాలీ శైలి ప్రమోద్ కుమార్ ఛటర్జీ ద్వారా బందరు జాతీయ కళాశాలకు వచ్చింది. అడివి బాపిరాజు అక్కడ ఆయన శిష్యుడు. 'మన సంప్రదాయం' అని మనం గర్వించిన మసకరంగుల వెనక టోక్యో ఉంది, టోక్యో వెనక బోస్టన్ కొనుగోళ్లున్నాయి.

కవిత్వంలోనూ ఇంతే. ఫెనొలోసా చనిపోయాక అతని రాతప్రతులు భార్య ద్వారా 1913లో ఎజ్రా పౌండ్ చేతికొచ్చాయి. పౌండ్ మలిచిన చీనా, జపాను కవిత్వం ఇంగ్లీషులో పదచిత్రవాదానికి ఊపిరయింది. 1990ల్లో తెలుగులో హైకూ వెల్లువ వచ్చింది. ఇస్మాయిల్ వంటి పెద్ద కవి చేపట్టడంతో దానికి గౌరవమూ దక్కింది. ఆ వెల్లువలో జపాను మూలం చదివినవాళ్లు అరుదు. మనకు అందింది ఇంగ్లీషు అనువాదకులు ఎంచిన జపాను. ఆ ఎంపికలో ధ్యానమగ్నుడైన సన్యాసి ప్రముఖంగా కనిపిస్తాడు. రైతు ఇంట పుట్టి పేదరికం ఎరిగిన ఇస్సా కూడా ఆ చట్రంలోనే ఇముడుతాడు. హైకూ రాయవద్దని నేననను. కప్ప దూకిన చప్పుడు మాత్రమే మనదాకా వచ్చి, పొలంలో పనిచేసేవాడి చప్పుడు ఎందుకు రాలేదో అడగమంటాను. మధ్యలో ఉన్న వడపోతగాడెవరో అడగమంటాను.

9

మన శిబిరంలో రెండు ధోరణులు కనిపిస్తాయి. ఒకటి: కళకు ఎల్లలు లేవు, కనుక దారి గురించి అడగనక్కరలేదు. రెండోది: అంతా మార్కెట్ మాయ, కనుక కళ గురించి అడగనక్కరలేదు. మొదటిది హయాషి ఆవర్జాను దాస్తుంది. రెండోది కసాట్ గీసిన తల్లీబిడ్డలను చూడదు. రెండూ సోమరితనాలే. బేరం నిజం, చూపు కూడా నిజం. బేరం లేకుండా ఆ చూపు పారిస్ చేరేది కాదు. బేరం ఒక్కటే ఉంటే అది విసనకర్రల దగ్గరే ఆగిపోయేది. ఈ రెండింటి మధ్య సంబంధాన్ని ప్రతి సందర్భంలో వివరంగా విప్పి చూపడమే గతితార్కిక విమర్శ.

సాహిత్య విద్యార్థులకు నా మనవి ఇది. ఇకమీద 'ప్రభావం' అనే మాట రాసినప్పుడల్లా నాలుగు ప్రశ్నలకు జవాబు వెతకండి. ఎవరు మోసుకొచ్చారు? ఏది ఎంచి తెచ్చారు, ఏది వదిలేశారు? స్వీకరించినవాడి సమాజంలో ఏ అవసరం దానికి చోటిచ్చింది? తయారుచేసినవాళ్లలో ఎవరి పేరు రాలిపోయింది? రష్యన్ నవలలు మనకెలా చేరాయో, లాటిన్ అమెరికా కథలు మనకెలా చేరాయో ఈ ప్రశ్నలతో పరిశీలిస్తే మన సాహిత్య చరిత్రలో చాలా ఖాళీలు పూడతాయి.

హొకుసాయ్ 'మహాతరంగం' ప్రతి ఒకటి 2023లో న్యూయార్కు వేలంలో 27 లక్షల డాలర్లకు పైగా పలికింది. 2024 జులై నుంచి జపాను వెయ్యి యెన్ల నోటు మీద కూడా ఆ బొమ్మే ఉంది. గిన్నెడు సేమియా వెల చేసిన కాగితం చివరికి డబ్బు కాగితమే అయింది. ఆ అల కింద మూడు పడవలున్నాయి. ఎడో బజారుకు తాజా చేపలు చేరవేసే వేగపు పడవలవి. వాటిలో తెడ్లు వేస్తున్న మనుషులు అల తాకిడికి ముందుకు వంగి, పడవను కరుచుకుని ఉన్నారు. ఈసారి ఆ బొమ్మ కనిపించినప్పుడు అలను చూశాక, పర్వతాన్ని చూశాక, వాళ్లను కూడా లెక్కపెట్టండి.